మెష్ కొట్టిన తేనెపెట్టెలు

"గొంతు దగ్గర కుట్టిందనుకో, ఊపిరి గొట్టం వాచిపోతుంది. ఆస్పత్రికి చేరేలోపే పిల్ల మనకు దక్కదు సాధనా. ఇంకో ఇల్లు చూద్దాం."

మెట్ల మీద నిలబడి, గొంతు తగ్గించి, నా భార్యతో అన్న మాట ఇది. అయినా పైనున్న మనిషికి వినిపించింది. డాబా పిట్టగోడ మీంచి ఒక ముఖం కిందికి వంగింది. నెరిసిన మీసం, తలకు తువ్వాలు, చేతిలో ఒక కోడి ఈక.

"సార్, మా ఈగలు సదువుకున్నోళ్లను కుట్టయి. పైకి రాండ్రి, పరిచయం చేస్త."

అలా పరిచయమయ్యారు మహిపాల్‌గారు. ఇల్లు ఆయనదే. కింద ఆయన, ఆయన భార్య అండాలమ్మ. మొదటి అంతస్తు అద్దెకు. డాబా మీద మూడు చెక్కపెట్టెల్లో తేనెటీగలు. ఆ కోడి ఈక ఈగల్ని పట్టు మీంచి సుతారంగా తోయడానికని తరువాత తెలిసింది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ని. మాది గుంటూరు వైపు. సాధన ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. "ఆస్పత్రి పక్కనే. ఇంజెక్షన్ ఎప్పుడూ నా బ్యాగులో ఉంటుంది. ఇంతకంటే భద్రమైన ఇల్లు నువ్వు చూపించు" అంది. నేను చూపించలేకపోయాను. అప్పటికి మా పాప ఇంకా తప్పటడుగుల్లోనే ఉంది.

దిగిన రోజే కిటికీలన్నిటికీ సన్నటి ఇనుప మెష్ కొట్టించాలన్నాను. మహిపాల్‌గారు నొచ్చుకోలేదు. కర్మన్‌ఘాట్‌కు వెళ్లి రోల్ తెచ్చి, కొలిచి, కత్తిరించి, తనే మేకులు కొట్టిపెట్టారు. మిగిలిన మెష్‌ను చుట్టి, డాబా మీద రేకుల కింద దాచుకున్నారు.

"ఎందుకన్న పనికొస్తది సార్."

ఆయన నల్లగొండ జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటు. తేనెటీగల మీద చిన్నప్పటినుంచీ మోజేం లేదట. ఒక వేసవి మొదట్లో, డాబా మూలన పడేసిన పాత కూలర్‌ను కడుగుదామని వెనక పలక తీస్తే లోపల గడ్డికి బదులు మైనపు పట్లు వేలాడుతున్నాయట. అండాలమ్మ చీపురు పట్టుకుని వచ్చిందట. ఈయన అడ్డం నిలబడి, మర్నాడు సెలవు పెట్టి, రాజేంద్రనగర్‌లో తేనెటీగల పెంపకం నేర్పుతారంటే అక్కడికి పోయి, కొంత నేర్చుకుని, ఒక పెట్టె మోసుకుని వచ్చారు. ఆ పట్లను పెట్టెలోకి మార్చారు. అందుకే మొదటి పెట్టె పేరు కూలర్ పెట్టె. మిగతా రెండూ దాని సంతానం.

అది రెండువేల పదకొండు, వసంతం. ప్రత్యేక తెలంగాణ కోసం ఉద్యోగులు సహాయ నిరాకరణ చేస్తున్నారు. ఆఫీసుకు వెళ్లినా ఫైలు ముట్టుకోకూడదు. మా కాలేజీ కూడా బందుల వల్ల తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. సాధన డ్యూటీకి పోతే పాపా నేనూ ఇంట్లో. మహిపాల్‌గారు పెందలాడే ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని డాబా ఎక్కేవారు. నేను పాపను మెష్ వెనక పడుకోబెట్టి, నిద్రపోయిందని నిశ్చయించుకున్నాక పైకి వెళ్లి, దూరంగా, తలుపు చాటున నిలబడి చూసేవాణ్ని.

కానుగ పూసే కాలం. వెనకాలే వేప. ఈగలకు అదే పండుగ, వాటి యజమానికి అదే పరీక్ష. తిండి పెరిగేసరికి పెట్టెలో జనం పెరుగుతారు. జనం పెరిగితే కొత్త రాణిని పెంచుకుని, సగం గుంపు లేచిపోతుంది. ఆదివారం ఆదివారం ఆయన పెట్టె మూత తీసి, ఒక్కో చట్రాన్నీ ఎండకెత్తి, అడుగు అంచు పరీక్షగా చూసేవారు.

"గిదో చూడుండ్రి, పల్లికాయ లెక్క వేలాడుతున్నది. లోపల కొత్త రాణి. ఇప్పుడు నేను చూసీ చూడనట్టు ఊకుంటే, పాత రాణి సగం సంసారం పట్టుకొని ఎల్లిపోతది."

కింద బట్టలు పిండుతున్న అండాలమ్మకు ఇది వినిపించేది.

"పోనియ్యి. దానికన్న తెలివున్నది. నాకే లేకపాయె!"

"నువ్వు పోతే చాయ్ ఎవరు పెడ్తరే?"

"నీ రాణిని అడుగు, పెడ్తది."

పెట్టెల స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు, చీమలు ఎక్కకుండా. పక్కన మట్టి మూకుడులో నీళ్లు, మధ్యలో గులకరాళ్లు, ఈగలు మునిగిపోకుండా కూర్చుని తాగడానికి. రోజూ ఆ నీళ్లు మార్చకపోతే అవి ఎవరి కొళాయి దగ్గరికో పోతాయి. అప్పుడు కాలనీలో గొడవ.

గొడవ అంతకుముందు ఒకసారి అయింది. కాలనీ కమిటీ మీటింగులో ఎవరో లేచి, పిల్లలున్న చోట ఈ పెట్టెలేమిటన్నారు. మహిపాల్‌గారు అందరి ముందూ మాటిచ్చారు.

"మా ఈగ ఒక్కర్ని కుట్టిందని తేలినా, పెట్టెలు నేనే ఎత్తేస్త. ఎవరూ చెప్పే పని లేదు."

కమిటీ ప్రెసిడెంటు పట్టాభి దానికి ఒప్పుకుని మీటింగు ముగించాడు. పట్టాభిది సిమెంటు, ఇనుము దుకాణం. మహిపాల్‌గారిదీ ఆయనదీ ఒకే ఊరు. పట్నం వచ్చిన కొత్తలో ఇద్దరూ ఒకే గదిలో అద్దెకున్నారు. మా కాలనీ ఉద్యమ కమిటీకి కూడా పట్టాభే పెద్ద. ఏ ర్యాలీకైనా ఇద్దరూ ఒకే బండి మీద పోయేవాళ్లు. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో తిన్న లాఠీ దెబ్బ మహిపాల్‌గారి మోచేతి మీద అప్పటికింకా నల్లగానే ఉంది.

ఆ మాట ఇచ్చినప్పటినుంచీ ఆయన మూడు పెట్టెలూ ఆ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి. కాలనీలో ఎవరికి ఏ దద్దురు లేచినా ముందు ఆయన ముఖంలో రంగు మారేది.

మార్చిలో వంటా వార్పు అన్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతి కూర్చుని తిని, రాకపోకలు ఆపే నిరసన అది. మా కాలనీ వాళ్లకు దొరికిన చోటు మెయిన్ రోడ్డు పక్కన వాటర్ ట్యాంకు. ముందురోజు సాయంత్రం పాపను ఎత్తుకుని నడకకు బయల్దేరి, పట్టాభి దుకాణం ముందు జనాన్ని చూసి ఆగాను. మహిపాల్‌గారు గట్టిగా మాట్లాడుతున్నారు.

"ట్యాంకు కింద పొయ్యి పెట్టొద్దురా పట్టాభీ. మీద పెద్దీగల తుట్టె ఉన్నది. పొగ తగిలిందంటె ఆగయి అవి."

"మరి ఆడోళ్లను ఎండల కూసోవెట్టాల్నా? ట్యాంకు కింద తప్ప నీడేడున్నది?"

"ఫంక్షన్ హాలు ముంగట పెట్టుండ్రి. షామియానా నేను తెప్పిస్త."

"హాలు గల్లీల ఉన్నది. గల్లీల వండుకుంటే నిరసన ఎట్లయితది, పెండ్లి బారాత్ అయితది!"

అందరూ నవ్వారు. వెనకనుంచి ఎవరో, "మహిపాలన్నకు ఈగల పరేషానే గని తెలంగాణ పరేషాన్ లేదు. ఇంట్ల ఆంధ్ర సార్‌ను పెట్టుకున్నడు గద" అన్నారు. పట్టాభి నన్ను చూసి చేయి అడ్డం ఊపాడు.

"మీరేమనుకోకుండ్రి సార్, ఊకె నవ్వులాట. రేపు మీరు గూడ రాండ్రి. మీ విస్తరిల పప్పు జర ఎక్కువేపిస్త."

నేనూ నవ్వాను. మహిపాల్‌గారు నవ్వలేదు. మోచేతి మీది నలుపును బొటనవేలితో రుద్దుకుంటూ నిలబడ్డారు.

ట్యాంకు అడుగున వేలాడేవి వేరే జాతి. పెట్టెల్లో ఉండేవి చిన్నవి, చీకటి తొర్రలో బతికేవి, నెమ్మదస్తులు. ట్యాంకు మీదివి వాటికి ఇంతకింత ఉంటాయి. ఆరుబయట ఒకే పెద్ద పట్టు కడతాయి. దాని మీద నల్లటి దుప్పటిలా ఈగలు పరుచుకుని ఉంటాయి. ఒకటి కుడితే ఆ చోట ఒక వాసన వదులుతుంది. బాగా పండిన అరటిపండు వాసన. ఆ వాసన తగిలిన ప్రతి ఈగా అక్కడే కుడుతుంది. ఆ పదార్థం పేరు నేను క్లాసులో బోర్డు మీద రాసి చెప్తాను కూడా.

మర్నాడు తెల్లవారి, ఈగలు బయటికి రాకముందే, డాబా మీద సుత్తి చప్పుడైంది. పైకి వెళ్లాను. మా కిటికీలకు కొట్టగా మిగిలిన మెష్ ముక్కల్ని మహిపాల్‌గారు పెట్టెల వాకిళ్లకు అడ్డంగా కొడుతున్నారు. మేకుల్ని వరసగా, దగ్గరదగ్గరగా దించుతున్నారు. గాలి ఆడుతుంది, ఈగ దూరదు. ఎండ వేడెక్కకుండా పైన తడి గోనెసంచులు.

"ఇవి లోపల్నే ఉన్నయనుకో సార్, ఇవే కుట్టినయని ఎవడనగలుగుతడు? పొద్దుగూకంగనె తీసేస్త. పట్టాభికి గూడ చెప్పిన, చూస్కొమ్మని."

సైన్సు చదివినవాణ్ని కదా, నాకు ఆ ఆలోచన ఎంతో నచ్చింది. ప్రయోగశాలలో మేము చేసే పనే అది. ఒకదాన్ని కదలకుండా కట్టిపెడితే, జరిగినదానికి కారణం అది కాదని తేలుతుంది. ఇంతకంటే గట్టి రుజువేముంటుంది?

ఆయన సుత్తి పక్కనపెట్టి, చొక్కా మార్చుకుని, తనే వంటా వార్పుకు వెళ్లారు. ఉల్లిగడ్డలు కోస్తూ ట్యాంకు కింద కూర్చున్నారు. మా కిటికీలోంచి కనిపిస్తున్నారు. కాసేపు అంతా బాగానే ఉంది. డప్పులు, నినాదాలు, పిల్లల గోల. ట్యాంకు నీడలో మూడు పొయ్యిలు. కట్టెలు పచ్చివి, అంటుకోవడం లేదు. ఎవరో కిరసనాయిలు పోశారు. అయినా రాజలేదని ఇంకెవరో టైరు ముక్క తెచ్చి పొయ్యిలో వేశారు. మహిపాల్‌గారు లేచి రెండు చేతులూ ఊపడం చూశాను. నల్లటి పొగ నిలువుగా ట్యాంకు పొట్టకు తగిలింది.

ఆ నల్ల దుప్పటి ఒకసారి వణికి, కిందికి జారింది.

జనం ఎటు పరిగెత్తారో నేను చెప్పలేను. పప్పు గుండిగ బోర్లాపడింది. విస్తళ్లు రోడ్డంతా ఎగిరాయి. బక్కయ్య అని, కర్రతో నడిచే ముసలాయన, పరిగెత్తలేక పొయ్యి పక్కనే కూలబడ్డాడు. మహిపాల్‌గారు కింద పరిచిన గుడ్డ లాగి ఆయన మీద కప్పి, అంచులు నేలకు అదిమి పట్టుకున్నారు. గుడ్డ లోపల బక్కయ్య. గుడ్డ బయట ఈయన. అలాగే ఉన్నారు, ఈగలు తగ్గేదాకా. నేను పాపను పరుపు మీద పడుకోబెట్టి, దాని మీద వంగి, మెష్‌కేసి చూస్తూ ఉన్నాను.

తగ్గాక అందర్నీ ఆటోల్లో తీసుకుపోయారు. సాధన ఆస్పత్రికే ఎక్కువమంది వచ్చారు. "మహిపాల్‌గారిని ముఖం చూసి పోల్చుకోలేదు, గొంతు విని పోల్చుకున్నాను" అని తరువాత చెప్పింది. ముళ్లు తీస్తుంటే ఆయన ఒకటే అడిగారట, పొద్దుగూకిందా అని. సెలైన్ ఎక్కుతుంటే మధ్యలో లేచి, సూది తనే పీక్కుని, బయటికి నడిచారట.

ఆయన ఆటో దిగేసరికే మా గేటు ముందు గుంపు ఉంది. నేను పాపను అండాలమ్మ చేతికిచ్చి మెట్లెక్కాను. డాబా మీద పట్టాభి, ఇంకా కాలనీ మనుషులు. ఒకరి చేతిలో పొయ్యిలకు తెచ్చిన కిరసనాయిలు డబ్బా, అడుగున మిగిలినది కదులుతోంది. ఒకరి కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. అందరికీ నొప్పి ఉంది, పరువు పోయిందన్న కోపం అంతకంటే ఉంది.

మహిపాల్‌గారిని ఎవరో చేయి పట్టి పైకి తెచ్చారు. ఆయన రెప్పలు తెరుచుకోవడం లేదు. దగ్గరికి రాగానే ఆయన చొక్కా నుంచి అరటిపండు వాసన కొట్టింది.

"పట్టాభీ, ఉన్నవా? వాకిట్ల చూడురా. మెష్ కొట్టి ఉన్నది. ఒక్కటి గూడ బయటికి రాలే."

"చూసిన. ఎందుకు కొట్టినవ్?"

"పొద్దున్నే చెప్పిన గదరా."

"చెప్పినవ్. ఇయ్యాల కుడ్తయని నీకు ముందే తెలుసన్నట్టు. తెలువకపోతే ఎందుకు మూస్తవ్? ఏడాది పొడుగూత మూయనోనివి ఇయ్యాల్నే ఎందుకు మూసినవ్?"

నేను కల్పించుకున్నాను. చచ్చిన ఈగ ఒకటి మహిపాల్‌గారి కాలరులో ఉంటే తీసి అరచేతిలో పెట్టి చూపించాను. "చూడండి, ఇది పెద్దది. ట్యాంకుదండీ. పెట్టెలోదాన్ని పక్కన పెట్టి చూస్తే మీకే తెలిసిపోతుంది."

"మీరు ఊకోండ్రి సార్. ఇది మా ఇంటి ముచ్చట."

పట్టాభి గొంతులో పరాచకం లేదు. నిన్నటి నవ్వులాట ఇప్పుడు నవ్వులాట కాదు.

మహిపాల్‌గారు పెట్టెలవైపు చేతులు చాపి తడుముకుంటూ నడిచారు. కూలర్ పెట్టె దొరికింది. లోపల ఈగలు మెష్‌కు అంటుకుని రొద పెడుతున్నాయి.

"సరేరా. నేనే మాటిచ్చిన. ఎత్తేస్త. కాలవెడ్తె కాలవెట్టుకో పెట్టెల్ని. గని జర మెష్ తియ్యనియ్యి. వాటిని పోనియ్యి. ఎల్లిపోతయి. మళ్ల రావు."

"తీస్తే మళ్ల మా మీద పడ్తయి."

"పడయిరా. నా మీద ఒట్టు. పడయి."

ఆయన వేళ్లు వాచి వంకాయల్లా ఉన్నాయి. మేకు తలకాయ దొరకలేదు. పొద్దున అంత దగ్గరదగ్గరగా దించిన మేకులు. నేను సుత్తి కోసం వంగాను. నన్ను భుజం పట్టి వెనక్కి లాగారు. పట్టాభి, "జరుగు మహిపాల్" అన్నాడు. రెండోసారి కూడా మెల్లగానే అన్నాడు. తరువాత ఆయన్ని తనే రెండు రెక్కలూ పట్టుకుని పక్కకు నిలబెట్టాడు.

మంట రాజుకున్నాక లోపలి రొద ఒక్కసారిగా పెరిగింది. తరువాత లేదు. మైనం కరిగి, తేనె మాడి, కాలనీ అంతటికీ తీపి వాసన వచ్చింది. మహిపాల్‌గారికి కళ్లు కనబడటం లేదు. వాసన చూస్తూ నిలబడ్డారు.

వారం తిరగకముందే పెద్ద ఈగలు మళ్లీ అదే ట్యాంకు పొట్టకు వచ్చి చేరాయి. అదే నల్ల దుప్పటి. ఆ కాలనీలో పాలకు, కూరగాయలకు పోయే ప్రతివాళ్లూ దాని కిందుగానే నడిచారు. తలెత్తి చూసేవాళ్లు, తల దించుకుని వెళ్లేవాళ్లు. ఒక్కరూ మా గేటు తట్టలేదు. బక్కయ్య కొడుకు మాత్రం ఒకరోజు వచ్చి, కమిటీ వాళ్లు చూస్తారేమోనని వాకిట్లో నిలబడకుండా, లోపలికొచ్చి దండం పెట్టి పోయాడు.

పట్టాభి బండి మీద ఒక్కడే ర్యాలీలకు పోయేవాడు. మహిపాల్‌గారు సిటీ బస్సెక్కి పోయేవారు. పోవడం మాత్రం మానలేదు.

"తెలంగాణ పట్టాభొక్కనిదా? నాది గూడ" అనేవారు.

తెలంగాణ వచ్చిన రోజు కాలనీలో టపాసులు, స్వీట్లు. పట్టాభి లడ్డూల డబ్బాతో తనే ఇంటికొచ్చాడు. మహిపాల్‌గారు ఒక లడ్డూ తీసుకుని తిన్నారు. కూర్చోమన్నారు. అండాలమ్మ చాయ్ పెట్టింది. ఇద్దరూ ట్రాఫిక్ గురించి, బోర్లలో నీళ్లు దిగిపోవడం గురించి మాట్లాడుకున్నారు. పట్టాభి వెళ్తూ వెళ్తూ, "మళ్ల పెట్టరాదురా, ఈగలు. ఇప్పుడు ఎవరేమంటరు?" అన్నాడు. మహిపాల్‌గారు గేటు తీసి పట్టుకున్నారు. పట్టాభి వెళ్లాక మిగిలిన లడ్డూలు వీధి కుక్కలకు వేశారు.

ఆ మరుసటి వసంతంలో, వేప పూస్తుండగా, ఒక చిన్న ఈగల గుంపు ఎక్కడినుంచో వచ్చి పెరట్లో జామచెట్టుకు ముద్దలా వేలాడింది. పెట్టె చూపిస్తే చాలు, దిగిపోయేవే. నేను పరుగున వెళ్లి చెప్పాను. ఆయన వచ్చి చాలాసేపు చూశారు. మూకుడులో నీళ్లు పోసి, గులకరాళ్లు వేసి, చెట్టు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయారు. సాయంత్రానికి గుంపు లేచిపోయింది.

తరువాత మేము బడంగ్‌పేట్‌లో, గ్రౌండ్ ఫ్లోర్‌లో సొంత ఫ్లాట్ కొనుక్కున్నాం. గృహప్రవేశానికి ముందురోజు మహిపాల్‌గారు చూడటానికి వచ్చారు. నేను గర్వంగా అన్నీ చూపించాను. బాల్కనీకి గ్రిల్లు, కిటికీలకు మెష్, పాప గదికి బయటివైపు పైన ఒక గొళ్లెం. అప్పటికి పాప బడికి పోతోంది. చేతికందిన తలుపల్లా తీసుకుని బయటికి పరిగెత్తేది.

ఆయన ఆ గొళ్లెం దగ్గర ఆగారు. వేలితో ముందుకూ వెనక్కూ జరిపి చూశారు.

"ఇది ఎందుకు సార్?"

"పాప బయటికి పోకుండా అంకుల్. పైన అయితే దానికి అందదు. మేము వంటలో, పనిలో ఉంటాం కదా. భయం."

"భయమైతది. కానియ్యి." గొళ్లెం మళ్లీ ఒకసారి జరిపారు. "నేను గూడ భయపడే మూసిన సార్. వాటి మంచికే మూసిన. కుట్టలేదని తేలాలె, పెట్టెలు ఉండాలె అని. తెరిచి ఉంటే పొగకు భయపడి అన్నీ లేచిపోతుండె. పెట్టెలు కాలుతుండె, అవి బతుకుతుండె." గొళ్లెం వదిలేశారు. "లోపలున్నోళ్లు తీసుకోలేని గొళ్లెం పెట్టకుండ్రి. ఎంత భయమున్నా సరే. ఎంత మంచికైనా సరే."

ఆ రాత్రి సాధన స్టూలు పట్టుకుంటే, నేను ఎక్కి గొళ్లెం ఊడదీశాను. తలుపు లోపలివైపు, కింద, పాప నడుం ఎత్తున, దాని చేతికి అందేటట్టు బిగించాను. ఆ రంధ్రాలు పైన ఇంకా అలాగే ఉన్నాయి. ఇల్లు చూడవచ్చినవాళ్లు, గొళ్లెం అక్కడెందుకని నవ్వుతారు. బాల్కనీ గ్రిల్లుకూ ఒక తలుపు పెట్టించాను, లోపలినుంచి తీసుకునేది.

పాప గొళ్లెం తీసి బయటికి వెళ్తున్నప్పుడు చిన్న టక్కుమనే చప్పుడవుతుంది. ఏ గదిలో ఉన్నా నాకు వినిపిస్తుంది. లేచి చూస్తాను, ఎటు వెళ్లిందో కనిపెడతాను. గొళ్లెం మాత్రం పైకి మార్చలేదు.